వ్రణచికిత్సయందు వనమూలికలు: మన పూర్వుల విద్య, నేటి పరీక్ష

(నాయీబ్రాహ్మణ వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



మన కులమునకు క్షౌరము, వాద్యము, వైద్యము అను మూడు వృత్తులు పరంపరగా సంక్రమించినవని పెద్దలు చెప్పుదురు. మొదటి రెండింటిని గూర్చి మన సభలలో చర్చలు జరుగుచునేయున్నవి. క్షౌరశాలల కష్టసుఖములు, దేవాలయములందలి వాద్యకారుల జీతములు, బాలబాలికల చదువులు తీర్మానములకెక్కుచున్నవి. మూడవ వృత్తిని మాత్రము మనము సభారంభమున ధన్వంతరి పటమునకు పూలమాల వేయునప్పుడు స్మరించి, ఆ దీపము కొండెక్కకమునుపే మరచుచున్నాము. నాకొసగబడిన యీ కొద్ది కాలమును ఆ మరచిన విద్యలో నొక్క భాగమునకై వినియోగింపదలచితిని. అది వ్రణచికిత్స, అందును మొక్కలనుండి తీసిన రసములతోడను, కషాయములతోడను, తైలములతోడను గాయములను మాన్పు విధానము.

నా యభిప్రాయమును ముందుగనే మనవిచేసెదను. ఈ విద్యను పొగడుకొన్నంతమాత్రమున నది నిలువదు. మూఢాచారమని త్రోసివేసినచో న్యాయము కాదు. దానిని వ్రాసికొని, పరీక్షకు నిలిపి, అది యెచ్చట ఆగవలయునో తెలిసికొన్ననాడే అది మనకును లోకమునకును ఉపకరించును.

ఆసుపత్రులు లేని కాలమున పల్లెలో సెగగడ్డ లేచినను, కాలిలో తుమ్మముల్లు విరిగినను, కొడవలి తెగినను జనులు మనవారి యింటికే వచ్చెడివారు. మన స్త్రీలు మంత్రసానులై తల్లీబిడ్డలను కాపాడెడివారు. మన తాతల అడపములో కత్తి, కత్తెర, సానలతోపాటు ఏదో యొక తైలపు బుడ్డియు, చూర్ణపు పొట్లమును ఉండెడివి. గడ్డ పండినదో లేదో వ్రేలితో నొక్కి చూచి, పండనిదానిని కోయక, పండినదానిని జాగుచేయక, చీము వెడలించి కట్టుకట్టుట వారి నేర్పు. ఆకును ఎవడైనను కోసి తేగలడు. ఏ పుండునకు ఏ దినమున ఏ ఆకు తగునో యెరుగుట విద్య. ఈ భేదమును మనస్సునందుంచుకొనవలయును.

గాయమును మాన్పునది నిజమునకు శరీరమే. మందు ఆ పనికి సాయపడును, లేదా అడ్డుపడును. గాయమైన వెంటనే నెత్తురు గడ్డకట్టి ద్వారము మూసికొనును. ఇది మొదటి దశ. పిదప ఆచోట ఎరుపు, వేడి, వాపు కలిగి, రక్తమునందలి తెల్లకణములు వచ్చి సూక్ష్మజీవులను, చచ్చిన కండను శుభ్రముచేయును, ఇది రెండవది. మూడవ దశలో ఎర్రని మాంసాంకురములు లేచి, కొలాజెన్ అను పీచుపదార్థము అల్లుకొని, అంచులనుండి క్రొత్త చర్మము ప్రాకును. నాలుగవ దశలో ఆ మచ్చ నెలల తరబడి గట్టిపడును. మొక్కనుండి తీసిన పదార్థమేదైనను ఈ నాలుగింటిలో ఏదో యొకదానికి తోడ్పడవలసినదే. ఏ దశకు తోడ్పడునో తెలియక పూసినచో మేలునకు బదులు కీడు కలుగవచ్చును.

సుశ్రుతసంహితయందు వ్రణమునకు 60 ఉపక్రమములు చెప్పబడినవి. వానిలో శోధనము, రోపణము అను రెండు మాటలు మనకు ముఖ్యములు. శోధనమనగా మురికిని, చీమును, కుళ్ళిన కండను తొలగించుట. రోపణమనగా పూడ్చి మాన్పుట. శోధనము కానిదే రోపణము కూడదు. చీమును లోపలనుంచి పైన మాన్పినచో పుండు లోలోపల పాకును. నేటి శస్త్రవైద్యులును ఈ క్రమమునే పాటించుచున్నారు. మర్రి, రావి, మేడి, జువ్వి, గంగరావి చెట్ల బెరడులకు పంచవల్కలములని పేరు. వీని కషాయముతో పుండు కడుగుట ఆయుర్వేదమున ప్రసిద్ధము. ఈ బెరడులయందు టానిన్ అను వగరు పదార్థము మెండు. తోళ్ళు పదును చేయువారు తుమ్మచెక్కను వాడుటకు కారణమైన గుణమే యిది. కండను బిగియజేసి స్రావమును తగ్గించును.

మన పల్లెలలో వాడుకనున్న మరికొన్ని మొక్కలను చూతము. పసుపునందలి కర్కుమిన్ అను పచ్చని పదార్థము వాపును అణచునని ప్రయోగశాలలయందు తేలినది. అది నీటిలో కరుగుట మిక్కిలి అల్పము. నూనెలో కొంత కరుగును. కావున పసుపును నూనెతోగాని, నేతితోగాని కాచి పూయు పెద్దల పద్ధతికి యుక్తి లేకపోలేదు. సరస్వతి యాకు అని మనము పిలుచు మండూకపర్ణియందు ఏసియాటికోసైడు మున్నగు పదార్థములు కలవు. ఇవి కొలాజెన్ అల్లికకు తోడ్పడునని పరిశోధకులు కనుగొనిరి. ఆ యాకు సారముతో చేసిన మందు ఫ్రాన్సుదేశమున వ్రణములకు వాడుకలోనికి వచ్చినది. పొలముగట్లపై పెరుగు గడ్డిచామంతి యాకును నలిపి తెగినచోట నెత్తురు కట్టుటకు పిండుట మనమందరమెరిగినదే. ఆ మొక్క పుట్టినిల్లు మధ్య అమెరికా. వేల యేండ్లనాటి గ్రంథములలో దాని పేరు వెదకుట వ్యర్థము. పరదేశమునుండి వచ్చిన కలుపుమొక్కను మన పల్లెవారు చూచి, వాడి, గుణమెరిగి తమ వైద్యములో చేర్చుకొనిరి. దీనినిబట్టి మన పూర్వులు క్రొత్తదానిని పరిశీలించి గ్రహింపగలవారని తెలియుచున్నది. ఆ పరిశీలనాబుద్ధియే మనము వారినుండి పొందదగిన అసలైన ఆస్తి.

ఈ సందర్భమున ఐరోపాఖండమునందలి మన వృత్తిసోదరుల చరిత్రను చెప్పక తీరదు. అచ్చటను క్షురకులే శస్త్రవైద్యులుగా నుండెడివారు. 16వ శతాబ్దమున ఫ్రాన్సుదేశమందు ఆంబ్రోయిజ్ పారే యను క్షురకవైద్యుడు సేనలవెంట యుద్ధమునకు బోయెను. తుపాకిగాయములు విషపూరితములని తలచి, వానిలో కాగిన నూనె పోయుట నాటి పద్ధతి. ట్యూరిన్ నగరముకడ నొకనాడు ఆతని నూనె తరిగిపోయెను. చేయునది లేక గ్రుడ్డు పచ్చసొన, గులాబీతైలము, టర్పెంటైను కలిపి మిగిలినవారికి పూసెను. టర్పెంటైను సరళవృక్షమునుండి స్రవించు జిగురు. తాను నూనె పోయనివారు మరణింతురేమో యను భయముతో రాత్రి నిదురపట్టక, వేకువనే లేచి చూడగా, క్రొత్త లేపనము పూయబడినవారు నొప్పి తక్కువై సుఖముగా నిదురించియుండిరి. కాగిన నూనె పోయబడినవారు జ్వరముతో, వాపుతో బాధపడుచుండిరి. అది మొదలు ఆతడు కాగిన నూనెను విడిచెను. తాను చూచినదానిని 1545లో గ్రంథముగా ప్రకటించెను. లాటిన్‌భాష రానివాడగుటచే తన మాతృభాషయగు ఫ్రెంచిలోనే వ్రాసెను. పిమ్మట నలుగురు రాజులకు ఆస్థాన శస్త్రవైద్యుడాయెను.

సోదరులారా! ఆతని లేపనము నేటికి మూలబడినది. ఆతని పేరు మూలబడలేదు. ఇద్దరు రోగులను ప్రక్కప్రక్కన పెట్టి పోల్చి చూచుట, చూచినది చూచినట్లు వ్రాయుట, తన భాషలోనే వ్రాయుట అను మూడు గుణములు ఆతనిని నిలిపినవి. ఇంగ్లాండునందు 1540లో క్షురకులను, శస్త్రవైద్యులను ఒక్క సంఘముగా కూర్చిరి. 1745లో ఆ రెండు వర్గములును విడిపోయెను. శస్త్రవైద్యులు కళాశాలల త్రోవ పట్టిరి. క్షురకులు కత్తితో మిగిలిరి. మన దేశమున అట్టి విభజన శాసనము లేకయే జరిగినది. విద్య చేతినుండి చేతికి వచ్చెనుగాని కాగితమునకెక్కలేదు. కాగితమునకెక్కని విద్య మోసినవానితోడనే కాటికిపోవును.

వ్రాతకెంత బలము కలదో పసుపు వ్యవహారమే చాటుచున్నది. 1995లో అమెరికాదేశమునందలి మిసిసిప్పీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమునకు, గాయములను మాన్పుటకు పసుపును వాడుట క్రొత్తగా కనిపెట్టినదని పేటెంటుహక్కు దొరకినది. మన యింటింట పోపులపెట్టెలోనున్న పసుపు పరులసొత్తైనది! 1996లో సి.ఎస్.ఐ.ఆర్. అను మన దేశపు శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనామండలి ఆ హక్కును ప్రశ్నించెను. ఇది మాకందరకు తెలిసినదే యన్న మాట అచ్చట చెల్లలేదు. అచ్చుపడిన ఆధారములు కావలసివచ్చినవి. ప్రాచీనగ్రంథములనుండియు, పత్రికలనుండియు ఆధారములు సేకరించి చూపిన పిమ్మట, 1997లో ఆ హక్కు చెల్లదని తీర్పైనది. ఈ యనుభవము పిమ్మట 2001లో సంప్రదాయవిజ్ఞాన డిజిటల్ గ్రంథాలయము ఆరంభింపబడినది. అది గ్రంథస్థమైన విద్యను కాపాడుచున్నది. మన ముత్తవ నాలుకపై మాత్రమేయున్న యోగము అందులో నెట్లు చేరును?

ఇక పరీక్షమాట. మొక్కలనుండి తీసిన పదార్థములు నేడు గొప్ప ఆసుపత్రులలో మందులుగా ప్రవేశించుచున్నవి. అనాసకాండమునుండి తీయు బ్రొమెలైన్ ప్రధానముగాగల మందు, కాలినగాయములపై చచ్చిన చర్మమును నాలుగు గంటలలో కరగించి, బ్రదికిన కండను మిగుల్చును. అది ఐరోపాయందు 2012లోను, అమెరికాయందు 2022లోను ఆమోదింపబడెను. చర్మము సీతాకోకచిలుక రెక్కవలె సున్నితమై, కొద్ది రాపిడికే పొక్కి చిట్లు ఎపిడెర్మోలైసిస్ బుల్లోసా యను వ్యాధితో పుట్టిన బిడ్డలు కలరు. వారి పుండ్లకు భూర్జవృక్షపు బెరడుసారముతో చేసిన లేపనమును 223 మంది రోగులపై పరీక్షించిరి. 45 దినములలో, సారమున్న లేపనము వాడినవారిలో నూటికి 41.3 మందికిని, సారములేని లేపనము వాడినవారిలో నూటికి 28.9 మందికిని ఎంచుకొన్న పుండు పూర్తిగా మూసికొనెను. 90 దినములు గడచునప్పటికి ఆ భేదము నిశ్చయముగా చెప్పదగినంత నిలువలేదు. అదియు దాచక ప్రకటించిరి. ఆ మందు ఐరోపాయందు 2022లోను, అమెరికాయందు 2023లోను ఆమోదముపొందెను. గెలిచినంత గెలిచితిమని, ఓడినంత ఓడితిమని చెప్పుటయే శాస్త్రము.

మొక్కనుండి వచ్చినదెల్ల మంచిదనుట భ్రమ. బొప్పాయిపాలలోని పపైన్ చచ్చిన కండను కరగించును. కాని దానితో చేసిన పైపూతమందులచే కొందరికి తీవ్రమైన ఎలర్జీ బాధలు కలుగుటచే, ఆమోదములేని అట్టి మందుల విక్రయమును ఆపవలసినదని 2008లో అమెరికాప్రభుత్వపు మందులశాఖ ఆజ్ఞాపించెను. ఇంకొక చిక్కు పేరులలో నున్నది. బ్రాహ్మి యను పేరు ఒకచోట మండూకపర్ణికిని, మరియొకచోట నీటిచెమ్మలో పెరుగు వేరొక మొక్కకును చెల్లుచున్నది. పేరొకటియై మొక్క వేరైనచో మందు విఫలమగును. నింద విద్యపై పడును. ఒకే మొక్కయందును నేలనుబట్టి, ఋతువునుబట్టి, లేతముదురులనుబట్టి గుణము మారును. కావుననే ప్రయోగశాలలో సారమును కొలిచి, శుద్ధిచేసి, ప్రతిసీసాయందు ఒకే బలముండునట్లు చూతురు. చేతిలో నలిపిన యాకునకు ఆ కొలత లేదు, ఆ శుద్ధి లేదు.

ఈ శుద్ధిని గూర్చియే నా మనస్సు మిక్కిలి కలతచెందుచున్నది. మట్టియందును, పేడయందును ధనుర్వాతబీజములుండును. కడుగని యాకును నోట నమలి గాయముపై నుమ్ముట, పేడ అద్దుట, బూడిద చల్లుట మొదలగు నలవాట్లను మనము నిర్దాక్షిణ్యముగా మాన్పింపవలయును. లోతుగాయమునకు పరిశుభ్రమైన నీటితోను సబ్బుతోను కడుగుట మొదటి చికిత్స. ధనుర్వాతపు టీకా రెండవది. కుక్క కరచినచోట ఏ పసరును పనికిరాదు. 15 నిమిషములు సబ్బునీటితో కడిగి, వెంటనే టీకాకై పోవలయును. పాముకాటునకు ఆసుపత్రి దక్క వేరు గతి లేదు. ఇట్టిచోట ఆకు నమ్ముకొని గడియ జాగుచేసినను ప్రాణము పోవును.

అంతకంటె మెల్లగా, అంతకంటె విస్తారముగా మనుష్యులను కుంటుపరచుచున్నది మధుమేహము. 2023లో ప్రకటింపబడిన ఐ.సి.ఎం.ఆర్. వారి పరిశీలనము మన దేశమున 10 కోట్ల 10 లక్షలమందికి ఈ వ్యాధి యున్నదని లెక్కకట్టెను. పంచదారవ్యాధి ముదిరినవారి పాదములకు స్పర్శ సన్నగిల్లును. నెత్తురు చక్కగా పారదు. ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు. చిన్న పుండు ఎముకవరకు దిగును. నొప్పిలేదు గదా యని పసరు పోయుచు నెల గడపినవారికి, తుదకు కాలు తీసివేయక తప్పని స్థితి వచ్చుచున్నది. మధుమేహుల వ్రణములు కష్టసాధ్యములని సుశ్రుతుడే హెచ్చరించియున్నాడు. ఆయన పేరు చెప్పుకొని, ఆయన హెచ్చరికను పెడచెవిని పెట్టుట గురుద్రోహము కాదా? పాదమున పుండు కలిగిన మధుమేహిని ఆ దినముననే వైద్యుని యొద్దకు పంపుట మన ధర్మము. అట్లు పంపినవాడు విద్య తెలియనివాడని యెవరును తలపరు. తెలిసినవాడు గనుకనే పంపెనందురు.

చట్టమును గూర్చి రెండు మాటలు. 1940వ సంవత్సరపు మందుల చట్టము ననుసరించి, ఆయుర్వేదౌషధములను సైతము అమ్మకమునకు తయారుచేయువారు లైసెన్సు పొందవలయును. 1954వ సంవత్సరపు చట్టము మధుమేహము మొదలగు కొన్ని వ్యాధులను కుదుర్చుదుమను ప్రకటనలను నిషేధించినది. మనవారిలో నెవరైనను సీసాలకు చీటీలంటించి సర్వవ్రణసంజీవని యని యమ్మజూచినచో, వారు శిక్షార్హులగుటయేగాక కులమునకు తలవంపులు తెత్తురు. పట్టపరీక్షలో నెగ్గి రిజిస్టరైన వైద్యులై మనబిడ్డలు ఆ సీసాలపై సంతకము చేయుదినము రావలయును.

ఈ మహాసభవారి యెదుట నాలుగు మనవులు ఉంచుచున్నాను.

మొదటిది: ప్రతిమండలశాఖయు తన పరిధిలోని వృద్ధవైద్యులను, మంత్రసానులను దర్శించి, వారి యోగములను వారి మాటలలోనే వ్రాసికొనవలయును. మొక్క పేరుతో తృప్తిపడరాదు. ఆకు, పువ్వు, కాయలతో కూడిన కొమ్మను కాగితములనడుమ ఎండబెట్టి భద్రపరచవలయును. ఏ భాగము, ఏ ఋతువు, ఏ పాకము, ఏ పుండు, ఎన్ని దినములు అని యడుగవలయును. ఎట్టి పుండునకు వాడరాదో తప్పక యడుగవలయును. అనుభవజ్ఞుని నోట వెలలేని మాట అదియే.

రెండవది: 2002వ సంవత్సరపు జీవవైవిధ్యచట్టము ననుసరించి స్థానికసంస్థలలో సమితులేర్పడి, ప్రజాజీవవైవిధ్యపు రిజిస్టరులు వ్రాయబడవలసియున్నవి. చెప్పినవారి సమ్మతితో, వారి పేరు పోకుండ, మన పెద్దల విద్య అందులో చేరునట్లు చూడవలయును. అడవిలోని చెంచుసోదరులవద్దను, కొండరెడ్లవద్దను మనము నేర్చినదేమైన నున్నచో అది వారిదనియే వ్రాయవలయును. పరులు మన సొత్తును తమదనుట తప్పైనచో, మనము చేసినను తప్పే.

మూడవది: మన సంఘపు విద్యార్థివేతనములలో కొన్ని ఆయుర్వేదవైద్యము, ఔషధశాస్త్రము, వృక్షశాస్త్రము, నర్సింగువిద్య చదువు బాలబాలికలకు ప్రత్యేకింపబడవలయును. తాత చెప్పిన ఆకును మనుమరాలు ప్రయోగశాలలో పరీక్షించిననాడు రెండు తరములును ధన్యములగును.

నాలుగవది మన దుకాణములకు సంబంధించినది. ఊరివారి తల, మెడ, చెవి వెనుకభాగము మనకు కనుపించినట్లు ఎవరికిని కనుపించవు. మానని పుండును, పెరుగుచున్న మచ్చను చూచినచో మెల్లగా చెప్పి ఆసుపత్రికి పంపవలయును. ఒక్కరికొక్క క్రొత్త బ్లేడు వాడవలయును. పటిక నెత్తురు కట్టునన్నమాట నిజమే. అది మొక్కనుండి రాదు, ఖనిజము. కాని ఒకే పటికబిళ్ళను పదిమంది గడ్డములకు రాచినచో ఒకని నెత్తురు మరియొకనికంటును. కామెర్లు మున్నగు వ్యాధులు ప్రాకుటకు అదియొక దారి. పటికను పొడిచేసి, దూదితో నద్ది, ఆ దూదిని పారవేయుట మేలు. ఇంత చిన్న జాగ్రత్తయు వ్రణచికిత్సలోని భాగమే.

సోదరీసోదరులారా! వైద్యవృత్తి మన చేతినుండి జారిపోయినదని విచారించువారు పెక్కురు కలరు. వృత్తి జారినను, గాయమును చూచి భయపడక చేయిచాచు స్వభావము మన యిండ్లలో ఇంకను మిగిలియున్నది. మన వృద్ధులలో యోగములెరిగినవారు ఏటేట తగ్గుచున్నారు. వచ్చు వార్షికసభకు ప్రతిశాఖయు ఒక్క వృద్ధుని విద్యనైనను నిండుగా వ్రాసిన పుస్తకముతో రావలయునని ప్రార్థించుచున్నాను. ధన్వంతరికి మనమర్పింపదగిన మాల అదియే.